నోటు తిరగరాయడం నుంచి సెర్సాయ్ దాకా: తాకట్టు రికార్డు ఎక్కడెక్కడ దెబ్బతింటుంది

ఆటోనగర్‌లో లారీలు తిప్పే ఒకాయన ఈ మధ్య మా ఆఫీసుకు వచ్చారు. బండి అమ్మేద్దామని బేరం కుదుర్చుకున్నారు, బయానా కూడా పుచ్చుకున్నారు, తీరా ఆర్సీ చూస్తే దాని మీద ఇంకా ఫైనాన్స్ కంపెనీ పేరే ఉంది. "కిస్తీలన్నీ కట్టేసి మూడేళ్లయిందండీ, నా బండి మీద ఇంకా వాళ్ల పేరేంటి?" అని ఆయన బాధ. ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన ఎన్‌ఓసీ బీరువాలో భద్రంగా ఉంది. దాన్ని తీసుకెళ్లి రవాణా శాఖలో ఇవ్వాలన్న సంగతి మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను. లోన్ల మీద ఛార్జి (అంటే ఆస్తి మీద అప్పిచ్చినవాళ్లకు రాసిచ్చే తాకట్టు హక్కు) ఫైలింగులు, వాటి మూసివేతలు చాలా ఏళ్లుగా నా చేతుల మీదుగా వెళ్తున్నాయి. మా దగ్గరికి టెన్షన్‌తో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒకే చోట పొరబడతారు. అప్పు ఒక లెక్క, ఆ అప్పు కోసం పెట్టిన తాకట్టు గురించి ప్రభుత్వ రికార్డులో ఉన్న రాత ఇంకో లెక్క. అప్పు తీరినంత మాత్రాన రాత దానంతట అది చెరిగిపోదు. అలాగే రికార్డులో రాత ఉంది కదా అని అప్పు చట్టం దృష్టిలో బతికే ఉందని కూడా కాదు. రెండింటికీ వేరువేరు గడువులు ఉంటాయి, వాటిని విడివిడిగా చూసుకోవాలి.

ముందు నోటు సంగతి చెప్తాను, ఎందుకంటే ఇది మనవాళ్లకు ఏ చదువూ లేకుండానే తెలుసు. నోటు మీద అప్పిచ్చినవాళ్లు మూడేళ్లు నిండేలోపు నోటు తిరగరాయించుకుంటారు, లేదా కొంత సొమ్ము జమ చేయించుకుని నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటారు. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ వ్యాపారం చేసే కుటుంబాల్లో పెద్దవాళ్లకు ఈ తేదీలు నోటికి వచ్చి ఉంటాయి. దీని వెనక ఉన్నది 1963 నాటి లిమిటేషన్ చట్టం. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటు మీద దావా వేయడానికి నోటు తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఆ గడువు దాటకముందే బాకీ ఉన్నమాట నిజమేనని బాకీదారు రాసి సంతకం పెడితే, సెక్షన్ 18 ప్రకారం ఆ సంతకం పెట్టిన రోజు నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. కొంత సొమ్ము కట్టి, కట్టినట్టు తన చేతిరాతగానీ సంతకంగానీ ఉంటే సెక్షన్ 19 ప్రకారం కట్టిన రోజు నుంచి మొదలవుతాయి. బ్యాంకులు చేసేది కూడా అచ్చంగా ఇదే, కాకపోతే వాళ్లు దాన్ని రివైవల్ లెటర్ అనో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ అనో అంటారు.

ఇంత తేలికైన విషయంలో పొరపాట్లు ఎలా జరుగుతాయంటే, ఎక్కువగా తేదీ దగ్గరే. 2023 జూన్ 10న రాసిన నోటుకు 2026 జూన్ 10లోపు సంతకం పడాలి. జూన్ 9న పెట్టిన సంతకం నోటును ఇంకో మూడేళ్లు నిలబెడుతుంది, జూన్ 12న అదే మనిషి అదే మాట రాసి సంతకం పెట్టినా సెక్షన్ 18 ఆదుకోదు, ఎందుకంటే అప్పటికే నోటుకు కాలదోషం పట్టింది. ఆ తర్వాత మిగిలిన దారి ఒకటే. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25 కింద, కాలదోషం పట్టిన ఆ బాకీని నేను కడతానని బాకీదారు కొత్తగా మాట ఇచ్చి, రాసి, సంతకం పెట్టాలి. బాకీ ఉందని ఒప్పుకోవడం వేరు, కడతానని కొత్తగా మాట ఇవ్వడం వేరు, ఈ తేడా చాలామంది పట్టించుకోరు.

రెండో పొరపాటు, సంతకం ఎవరు పెట్టారన్నది. అన్నదమ్ములిద్దరూ కలిసి తీసుకున్న అప్పుకు అన్న ఒక్కడే రివైవల్ మీద సంతకం పెడితే, ఆ ఒక్క కారణంతో తమ్ముడు బాధ్యుడైపోడు. భాగస్వాములకూ ఇదే నియమం. జామీను ఉన్నవాళ్ల సంతకం విడిగా తీసుకోకపోతే వాళ్ల విషయంలో వాదనకు చోటిచ్చినట్టే. మన దగ్గర కుటుంబంలో ఒకరు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండటం మామూలే కాబట్టి, ఒకరి సంతకం లేకుండానే "తర్వాత పెట్టిద్దాంలే" అని ఫైలు మూసేస్తారు, ఆ తర్వాత అనేది రాదు.

మూడోది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. లోన్ ఇచ్చేటప్పుడే తేదీ వేయని ఖాళీ రివైవల్ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, అవసరమైనప్పుడు తేదీ రాసుకుందామనుకునే పద్ధతి. సంతకం పెట్టిన తేదీ తెలియని కాగితం రేపు కోర్టులో అప్పిచ్చినవాళ్లకే అడ్డం తిరగొచ్చు, ఈలోపు బాకీదారుకు తన పేరున ఏమేం రాసుకున్నారో తెలియదు. దయచేసి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. తేదీ మీ చేత్తో వేయండి, బాకీ అంకె చదవండి, ఫోన్‌లో ఫొటో తీసుకుని దాచుకోండి.

ఇల్లో స్థలమో తనఖా ఉంటే గడువు పన్నెండేళ్లు కదా అని కొందరు నిశ్చింతగా ఉంటారు. తనఖా పెట్టిన ఆస్తి నుంచి సొమ్ము రాబట్టుకోవడానికి పన్నెండేళ్లు అన్నమాట నిజమే, అది కూడా సొమ్ము చెల్లించాల్సిన రోజు నుంచి. ఆస్తి అమ్మినా చాలకపోతే మిగతాది ఆ మనిషి నుంచి వసూలు చేసుకునే హక్కుకు అంత కాలం ఉండదు. కంపెనీల విషయంలో ఇంకొకటి తెలుసుకోవాలి. బ్యాలెన్స్ షీటులో బాకీ చూపించి డైరెక్టర్లు సంతకం పెడితే అది కూడా బాకీని ఒప్పుకున్నట్టు లెక్కకు రావచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, అయితే దాని కింద నోట్సులో ఏం రాశారన్నది కూడా చూస్తారు. కాబట్టి ఏటా ఆడిట్ కాగితాల మీద పెట్టే సంతకాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఈసీ నిల్ వచ్చింది, మరి తాకట్టు ఎక్కడుంది?

అప్పు సంగతి అలా ఉంచి రికార్డులోకి వద్దాం. వాహనం తాకట్టు రవాణా శాఖ దగ్గర ఆర్సీ మీద ఉంటుంది. స్థలం, ఇల్లు అయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే పత్రం) కనిపించాలి. కంపెనీ తీసుకున్న లోన్ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ దగ్గర, ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన ఆ ఆఫీసు విజయవాడలోనే ఉంది. వీటన్నిటికీ తోడు 2011 మార్చి 31 నుంచి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఒకటి, తాకట్టుల నమోదు కోసమే, పనిచేస్తోంది.

సెర్సాయ్ ఎందుకు వచ్చిందో తెలిస్తే సగం గందరగోళం తీరిపోతుంది. అసలు దస్తావేజులు బ్యాంకులో డిపాజిట్ చేసి అప్పు తీసుకోవడం మనకు పాత పద్ధతే, దానికి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. దస్తావేజులు డిపాజిట్ చేసినట్టు రాసిన ఎంఓడీని రిజిస్టర్ చేయిస్తే ఈసీలో పడుతుంది, చేయించకపోతే పడదు. అంటే ఈసీ శుభ్రంగా ఉన్నా ఆస్తి తాకట్టులో ఉండొచ్చు. ఈ సందులోంచే ఒకే ఇంటికి నకిలీ దస్తావేజులు పుట్టించి రెండు మూడు బ్యాంకుల్లో అప్పులు తీసుకునే మోసాలు జరిగాయి. దాన్ని ఆపడానికే సర్ఫేసీ చట్టం (బాకీ కట్టకపోతే బ్యాంకులు కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని తీసుకునే వీలిచ్చే చట్టం) కింద ఈ రిజిస్ట్రీ పెట్టారు. 2016లో దీని పరిధిలోకి సరుకు, యంత్రాలు, రావాల్సిన బాకీల మీద ఇచ్చే హైపోథికేషన్ (వస్తువు మన దగ్గరే ఉంచుకుని పెట్టే తాకట్టు) కూడా వచ్చింది. 2020 జనవరి 24 నుంచి ఇంకా గట్టి నియమం అమల్లోకి వచ్చింది. సెర్సాయ్‌లో నమోదు చేయని తాకట్టు మీద బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద ఆస్తి స్వాధీనం చేసుకోవడం లాంటి హక్కులు వాడుకోలేదు.

మా బంధువుల్లో ఒకరు గుంటూరు గోరంట్ల వైపు స్థలం కొనబోయినప్పుడు ఈసీ నిల్ వచ్చింది. అమ్మేవాళ్లు జిరాక్సులు చూపించి, అసలు కాగితాలు అన్నయ్య దగ్గర ఉన్నాయని వాయిదా వేస్తుంటే అనుమానం వచ్చి నన్ను అడిగారు. సెర్సాయ్‌లో చిన్న ఫీజు కట్టి ఎవరైనా వెతకొచ్చు, వెతికితే ఒక బ్యాంకు తాకట్టు బయటపడింది. అమ్మేవాళ్లు మోసగాళ్లు కూడా కాదు, వచ్చిన డబ్బుతో లోన్ తీర్చేద్దామనుకున్నారట. ముందే చెప్పి ఉంటే, కొనే మనిషి నేరుగా బ్యాంకుకే కట్టి కాగితాలు విడిపించుకునే ఏర్పాటు అప్పుడే చేసుకునేవాళ్లు. ఆ బేరం కొంత ఆలస్యంగానైనా అలాగే ముగిసింది.

పేరు, డోర్ నంబరు, జిల్లా

రికార్డు ఉండటం ఒక్కటే చాలదు, వెతికితే దొరకాలి. మన పేర్లతో ఇక్కడే పెద్ద చిక్కు. దస్తావేజులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక అక్షరమే ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లిపోయి ఉంటుంది. వెంకటేశ్వరరావు అనే పేరును ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాయొచ్చో మీకు తెలిసిందే. రికార్డులో ఎక్కించేటప్పుడు ఒక రకంగా రాసి, వెతికేవాళ్లు ఇంకో రకంగా వెతికితే ఆ తాకట్టు ఉన్నా లేనట్టే. అందుకే నేను పేరుతో ఆగను, పాన్‌తో వెతుకుతాను, ఆస్తి వివరాలతో మళ్లీ వెతుకుతాను. ఎక్కించేటప్పుడైతే పాన్ కార్డు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టమని మా ఆఫీసులో పిల్లలకు చెప్తాను. జ్ఞాపకం మీద కొట్టిన పేరులో ఎక్కడో ఒక అక్షరం తప్పిపోతుంది.

ఆస్తి వివరాల్లో మన ప్రాంతానికే వచ్చిన చిక్కులు కొన్ని ఉన్నాయి. విజయవాడ, గుంటూరు పాత పేటల్లో ఒక ఇంటికి పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు రెండూ ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి, విజయవాడ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, పాత గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. నరసరావుపేటలో 2018లో తాకట్టు పెట్టిన మిల్లు రికార్డులో గుంటూరు జిల్లా అనే ఉంటుంది, ఇవాళ పల్నాడు జిల్లా అని వెతికితే అది దొరక్కపోవచ్చు. భూముల రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల చోట ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, పాత తనఖా కాగితాల్లో మాత్రం పాత సర్వే నంబరే ఉంది. కాబట్టి ఈసీ తీసినా, సెర్సాయ్‌లో వెతికినా పాత నంబరుతో ఒకసారి, కొత్త నంబరుతో ఒకసారి, పాత జిల్లాతో, కొత్త జిల్లాతో చూడాలి. చాకిరీ పెరిగినా తప్పదు. లోన్ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు వివరాలు కొత్త నంబర్లతో సరిచేయించమని బ్యాంకును మీరే అడగండి, వాళ్లంతట వాళ్లు గుర్తుపెట్టుకుని చేస్తారని ఎదురుచూడొద్దు.

కంపెనీ అయితే రోజులు లెక్కపెట్టాలి

ప్రొప్రైటర్లకు, మామూలు భాగస్వామ్య సంస్థలకు ఈ భాగం వర్తించదు. ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకుని లోన్ తీసుకున్నవాళ్లు మాత్రం జాగ్రత్తగా చదవండి. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 77 ప్రకారం ఛార్జి ఏర్పడిన 30 రోజుల్లో దాన్ని నమోదు చేసే సీహెచ్‌జీ-1 ఫారం వేయాలి. దాటితే అదనపు ఫీజుతో 60 రోజుల దాకా, ఇంకా దాటితే అప్పు మొత్తాన్ని బట్టి పెరిగే ఫీజుతో 120 రోజుల దాకా వీలుంది. ఆ తర్వాత ఆ పత్రం మీద రిజిస్ట్రేషన్‌కు దారి మూసుకుపోయినట్టే. రిజిస్టర్ కాని ఛార్జిని, రేపు కంపెనీ మూతపడితే, దాని ఆస్తులు అమ్మి బాకీలు తీర్చే లిక్విడేటర్ పరిగణనలోకి తీసుకోడు. అప్పు ఉంటుంది, తీర్చాల్సిందే, కానీ తాకట్టు ఉన్న బ్యాంకు కాస్తా తాకట్టు లేని అప్పులవాళ్ల వరసలో నిలబడుతుంది.

రోజులు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలన్న దగ్గరే ఎక్కువ పొరపాట్లు చూశాను. శాంక్షన్ లెటర్ తేదీ కాదు, డబ్బు ఖాతాలో పడిన తేదీ కాదు, హైపోథికేషన్ పత్రమో తనఖా పత్రమో సంతకాలైన తేదీ. ఒకసారి మా క్లయింటు ఒకరు ఉగాది ముందు సంతకాలు పెట్టేసి ఆ కాగితాలు మాకు నెలన్నర తర్వాత పంపించారు, అప్పటికే అదనపు ఫీజులోకి వెళ్లిపోయాం. దాని మీద బ్యాంకు తరఫున డిజిటల్ సంతకం పెట్టాల్సిన అధికారి బదిలీ అయ్యారు, కొత్తాయన సంతకం తయారయ్యేసరికి ఇంకో మూడు వారాలు. ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి లోన్ కాగితాల మీద సంతకాలు పెట్టే రోజే మాకు ఫోన్ చేయమని క్లయింట్లందరికీ చెప్తున్నాను, ఫారం ఆ వారంలోనే తయారైపోతుంది.

లోన్ లిమిట్ పెంచినప్పుడు జరిగే తప్పు ఇంకొకటి. ఉన్న ఛార్జికి మార్పు అని పాత ఛార్జి ఐడీ వేసి ఫైల్ చేయాల్సింది, హడావుడిలో కొత్త ఛార్జిగా వేసేస్తారు. ఇక ఒకే లోన్‌కు రికార్డులో రెండు ఛార్జులు కనిపిస్తాయి. కొన్నేళ్ల తర్వాత అప్పు తీర్చి, ఛార్జి మూసే సీహెచ్‌జీ-4 ఫారం వేసినప్పుడు ఒకటే మూతపడుతుంది, రెండోది అలాగే ఉండిపోయి కొత్త బ్యాంకు దగ్గరికి వెళ్లిన రోజు బయటపడుతుంది. అప్పు తీరినట్టు చెప్పడానికి కూడా 30 రోజులే, అదనపు ఫీజుతో 300 రోజుల దాకా. అదీ దాటితే హైదరాబాద్‌లోని కంపెనీల శాఖ రీజినల్ డైరెక్టర్ దగ్గరికి వెళ్లాల్సి ఉంటుంది.

అమెరికాలో పిల్లలు ఉన్నవాళ్ల కోసం ఒక్క మాట, ఎందుకంటే అక్కడ గ్యాస్ స్టేషన్లు, మోటళ్లు కొన్న మనవాళ్లు ఈ ప్రశ్న అడుగుతుంటారు. అక్కడ యంత్రాలు, సరుకు మీద ఇచ్చిన తాకట్టును యూసీసీ-1 అనే కాగితంతో రాష్ట్రం దగ్గర నమోదు చేస్తారు. సాధారణంగా అది ఐదేళ్లే పనిచేస్తుంది. కొనసాగించాలంటే ఐదేళ్లు నిండడానికి ముందున్న ఆరు నెలల్లోనే కొనసాగింపు కాగితం వేయాలి. మన నోటును మూడేళ్ల గడువులోపు ఎప్పుడు తిరగరాసినా చెల్లుతుంది, కాకపోతే తొందరపడితే కొంత కాలం నష్టపోతాం అంతే. అక్కడ అలా కాదు, ఆరు నెలల కంటే ముందే వేసినా చెల్లదు. పేరు విషయంలో మనకంటే పట్టుదల ఎక్కువ, చాలా రాష్ట్రాల్లో మనిషి పేరు డ్రైవింగ్ లైసెన్స్ మీద ఉన్నట్టే ఉండాలి. తప్పు కాగితం ఎంత నష్టం తెస్తుందో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ కేసు చూపించింది. 2008లో ఆ కంపెనీకి సంబంధించిన ఒక వేరే లీజు బాకీ మూసేటప్పుడు, దానితో సంబంధం లేని దాదాపు 150 కోట్ల డాలర్ల లోన్‌కు చెందిన తాకట్టు రికార్డును కూడా పొరపాటున జాబితాలో చేర్చి రద్దు చేసేశారు. రెండు వైపుల లాయర్లూ చదివారు, ఎవరి కంటా పడలేదు. ఆ రద్దు చెల్లుతుందని 2015లో అక్కడి అప్పీళ్ల కోర్టు తేల్చింది.

ఇక లోన్ తీర్చిన రోజు సంగతి. బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ లెటర్‌తో ఇంటికి వచ్చేయకండి. ఎంఓడీ రిజిస్టర్ అయి ఉంటే దాని రద్దు కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాలి, దానికి బ్యాంకు తరఫున మనిషి రావాలి. సెర్సాయ్‌లో మూసివేత బ్యాంకు చేయాలి. బండి అయితే ఆర్సీ మీది తాకట్టు తీసేయమని కోరే ఫారం 35, ఫైనాన్షియర్ సంతకంతో రవాణా శాఖకు చేరాలి. ఇంటి లోన్, చదువుల లోన్, సొంత కారు లోన్, బంగారం మీద తీసుకున్న వ్యక్తిగత లోన్ లాంటివాటికి రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబర్ 13న మంచి నియమం తెచ్చింది. 2023 డిసెంబర్ 1 నుంచి, పూర్తిగా కట్టిన 30 రోజుల్లో అసలు కాగితాలన్నీ తిరిగి ఇచ్చి, ఏ రిజిస్ట్రీలో ఛార్జి ఉన్నా తొలగించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మనకు చెల్లించాలి. కాగితాలు పోగొడితే నకళ్లు తెప్పించడంలో సాయం చేసి ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి, దానికి ఇంకో 30 రోజులు గడువిచ్చారు. ఈ నియమం వ్యక్తిగత రుణాలకే, వ్యాపారం కోసం కొన్న లారీకి ఇది వర్తించదు. అందుకే ఆటోనగర్ ఆయనకు దీన్ని చూపించి సాయం చేయలేకపోయాను.

ఆయన బీరువాలో ఉన్న కాగితాల మీద సంతకం పెట్టిన ఫైనాన్స్ కంపెనీ ఈలోపు ఇంకో కంపెనీలో కలిసిపోయింది. కొత్త కంపెనీ బ్రాంచి చుట్టూ నాలుగుసార్లు తిరిగి, విలీనం కాగితాల నకలుతో పాటు కొత్తగా ఫారం 35 సంతకం చేయించుకుని ఇస్తే, ఆర్సీ మీద వాళ్ల పేరు తొలగింది. కొనేవాళ్లు మంచివాళ్లు కాబట్టి బయానా వెనక్కి అడగకుండా ఆగారు. కొత్త ఆర్సీ వచ్చాక ఆయన తన మిగతా రెండు లారీల కాగితాలు కూడా సంచిలో పెట్టుకుని తెచ్చారు, అందులో ఒకదాని మీద కూడా 2019లోనే తీరిపోయిన లోన్ తాలూకు పేరు ఇంకా ఉంది. ఇప్పుడు దాని పని నడుస్తోంది.